తల్లి ఆహారం – పిల్లల్లో అలెర్జీ నివారణ

గర్భిణిగా ఉన్నప్పుడు, పాలిచ్చే రోజుల్లో తల్లి తినే తిండికీ, బిడ్డకు తరువాత వచ్చే ఆహార అలెర్జీ, ఎగ్జిమా, ఉబ్బసం, అలెర్జీ జలుబు వంటి వాటికీ ఉన్న సంబంధం శిశువైద్యంలో చాలాకాలంగా చర్చలో ఉన్న అంశం. పాలు, గుడ్లు, వేరుశనగల వంటివి తల్లి మానేస్తే బిడ్డకు అలెర్జీ రాకుండా కాపాడుకోవచ్చని 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వైద్యులు నమ్మారు. ఆ నమ్మకం ప్రయోగాల ముందు నిలబడలేదు. నివారణ కోసం తల్లి ఏ ఆహారాన్నీ మానవలసిన అవసరం లేదనీ, మానడం వల్ల ఆమె పోషణ దెబ్బతినే ప్రమాదం ఉందనీ నేటి ప్రధాన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిడ్డకు తొలి ఏడాదిలోనే ఆయా ఆహారాలను తగిన రూపంలో రుచి చూపించడం ఎక్కువ రక్షణ ఇస్తుందని తేలింది.

అలెర్జీ ఎలా మొదలవుతుంది

ఆస్ట్రియా శిశువైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే 1906లో అలెర్జీ అనే మాటను వైద్యంలోకి తెచ్చాడు. దానికి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని 1966–67లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకాలు ఒకవైపు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్‌లు మరొకవైపు కనుగొన్నారు. ఆహారంలోని ఒక ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా పొరబడి దానిపై ఐజీఈని తయారు చేసుకోవడం మొదటి మెట్టు. దీన్ని సున్నితత్వం అంటారు. ఆ ప్రొటీన్ మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వంటివి కనిపిస్తే అది అలెర్జీ. రక్తపరీక్షలోనో చర్మపరీక్షలోనో సున్నితత్వం బయటపడిన ప్రతి బిడ్డకూ అలెర్జీ ఉండదు. ఆ ఆహారాన్ని హాయిగా తినే పిల్లలు వారిలో ఎందరో ఉంటారు.

తల్లి రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరి తొలి నెలల్లో అంటురోగాల నుంచి కాపాడతాయి. ఐజీఈ ఆ విధంగా చెప్పుకోదగ్గ మోతాదులో దాటదు. అందువల్ల తల్లికి రొయ్యలు పడకపోతే బిడ్డకూ రొయ్యలే పడవని అనుకోనక్కరలేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేది అలెర్జీకి లోనయ్యే స్వభావం. ఆ స్వభావం ఏ ఆహారం మీద, ఎప్పుడు బయటపడుతుందో, అసలు బయటపడుతుందో లేదో నిర్ణయించడంలో చర్మం, పేగులు, అక్కడ నివసించే సూక్ష్మజీవులు, ఆహారం తొలిసారి పరిచయమైన వయసు, ఇంట్లో పొగ వంటి అనేక అంశాలకు పాత్ర ఉంది.

కొత్త ప్రొటీన్ పేగు ద్వారా పరిచయమైతే శరీరం సాధారణంగా దాన్ని సహించడం నేర్చుకుంటుంది. ఈ పనిలో రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే నియంత్రక టీ కణాలది ముఖ్యపాత్ర. తల్లి ఆహారం గురించి వచ్చిన సలహాలన్నీ, పాతవైనా కొత్తవైనా, ఈ సహనం ఎప్పుడు ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

సలహాల చరిత్ర

1980, 90 దశకాల్లో పాశ్చాత్య దేశాల్లో పిల్లల అలెర్జీలు పెరుగుతున్నట్టు గమనించిన వైద్యులు సహజంగానే జాగ్రత్త వైపు మొగ్గారు. హాని చేసే పదార్థం బిడ్డకు ఎంత ఆలస్యంగా తగిలితే అంత మంచిదని భావించారు. బ్రిటన్ ప్రభుత్వ నిపుణుల సంఘం 1998లో ఒక సలహా ఇచ్చింది. దాని ప్రకారం, అలెర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు కోరుకుంటే వేరుశనగలు మానవచ్చు. అటువంటి పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టకూడదు. రెండేళ్ళ తరువాత, 2000లో, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మరింత విస్తృతమైన జాబితా ప్రకటించింది. ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లల తల్లులు పాలిచ్చే కాలంలో వేరుశనగ, ఇతర గింజపప్పులు మానాలి. గుడ్లు, ఆవుపాలు, చేపలు కూడా మానే విషయం ఆలోచించాలి. బిడ్డకు ఆవుపాల పదార్థాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ళ దాకా, వేరుశనగ, చేప మూడేళ్ళ దాకా పెట్టకూడదు.

ఈ సలహాలు అమల్లో ఉన్న కాలంలోనే వేరుశనగ అలెర్జీ మరింత పెరిగింది. అమెరికాలో ఫోను ద్వారా జరిపిన సర్వేల్లో, తమ పిల్లలకు వేరుశనగ పడదని చెప్పినవారు 1997లో 0.4 శాతం ఉండగా 2008 నాటికి 1.4 శాతానికి చేరారు. 2008లో అమెరికన్ అకాడమీ, 2009లో బ్రిటన్ ప్రభుత్వం తమ పాత మాటను వెనక్కి తీసుకున్నాయి. యూరప్ అలెర్జీ వైద్యుల అకాడమీ 2021లో ఇంకో అడుగు ముందుకు వేసి, బిడ్డకు ఆహార అలెర్జీ రాకుండా ఉండాలన్న ఉద్దేశంతో గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆహారాలను మానవద్దని సూచించింది.

మానేసిన తల్లులపై ప్రయోగాలు

సలహా మారడానికి ఆధారం ఒక్క రోజులో పుట్టలేదు. 1980 దశకంలో స్వీడన్‌లో అలెర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల నుంచి 212 మంది గర్భిణులను ఎంచుకుని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు 28వ వారం నుంచి కాన్పు దాకా పాలు, గుడ్లు పూర్తిగా మానింది. రెండో జట్టు మామూలుగా తిన్నది. పుట్టిన పిల్లల్లో అలెర్జీ విషయంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు.

అమెరికాలోని శాన్ డియేగోలో జరిగిన ప్రయోగం ఇంకా కఠినమైనది. దాని తొలి ఫలితాలు 1989లో వెలువడ్డాయి. తల్లులు చివరి మూడు నెలల గర్భంలోను, పాలిచ్చినంత కాలమూ ఆవుపాలు, గుడ్లు, వేరుశనగలు మానారు. పిల్లలకు పాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ళ దాకా, వేరుశనగ, చేప మూడేళ్ళ దాకా పెట్టలేదు. 2000 నాటి అమెరికన్ సలహాలో కనిపించేదీ ఇదే వరుస. మొదటి ఏడాదిలో ఆ పిల్లల్లో ఆహార సంబంధ అలెర్జీ, ఆవుపాలపై సున్నితత్వం తక్కువగా ఉన్నాయి. ఆశ కలిగించిన ఫలితమే. కానీ అవే పిల్లలను ఏడేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షిస్తే ఉబ్బసం, అలెర్జీ జలుబు, ఆహార అలెర్జీ అన్నింటిలోనూ రెండు జట్లూ సమానంగా ఉన్నాయి.

ఇటువంటి అధ్యయనాలన్నింటినీ కెనడాకు చెందిన మైకేల్ క్రామర్, రిత్సుకో కకుమాలు కాక్రేన్ సమీక్షలో ఒకచోట చేర్చారు. 2012 నాటి సమీక్షలో ఐదు ప్రయోగాలు, 952 మంది ఉన్నారు. గర్భంలో తల్లి ఆహారాలు మానడం వల్ల బిడ్డకు ఎగ్జిమా తగ్గుతుందని చెప్పే ఆధారం దొరకలేదు. తల్లి పెరగవలసిన బరువు మాత్రం తగ్గింది. ఈ రెండో ఫలితం మన ప్రాంతాలకు మరీ ముఖ్యం. స్వీడన్‌లో సుపోషణ ఉన్న స్త్రీకే పాలు, గుడ్లు మానితే బరువు లోటు వస్తే, రక్తహీనతతో గర్భం మొదలుపెట్టిన స్త్రీకి ఆ లోటు ఎంత భారమో ఊహించవచ్చు.

తల్లిపాలలోకి చేరే ఆహారపు జాడలు

తల్లి తిన్నది పాలలోకి వెళుతుందా? వెళుతుంది, కానీ అతి కొద్దిగా. 2001లో వెలువడిన అధ్యయనంలో కెనడా పరిశోధకులు 23 మంది పాలిచ్చే తల్లులకు తలా 50 గ్రాముల వేయించిన వేరుశనగలు తినిపించి గంట గంటకూ పాలు సేకరించారు. 11 మంది పాలలో వేరుశనగ ప్రొటీన్ కనిపించింది. వారిలో పది మందికి రెండు గంటల లోపే కనిపించింది. మిగతా 12 మంది పాలలో కొలవదగ్గ జాడే లేదు. కనిపించినవారిలోనూ గరిష్ఠ మోతాదు మిల్లీలీటరుకు 120 నుంచి 430 నానోగ్రాముల మధ్య ఉంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు.

ఈ మోతాదు ఎంత చిన్నదో లెక్క వేస్తే తెలుస్తుంది. బిడ్డ రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుందనుకుందాం. ప్రతి మిల్లీలీటరులోనూ 200 నానోగ్రాముల చొప్పున ఉందనుకున్నా, రోజు మొత్తానికి బిడ్డకు అందే వేరుశనగ ప్రొటీన్ 0.15 మిల్లీగ్రాములే. వేరుశనగ అలెర్జీని నివారించిన ప్రఖ్యాత లీప్ ప్రయోగంలో (దాని గురించి తరువాత) పిల్లలకు ఈ ప్రొటీన్ వారానికి 6 గ్రాములు, అంటే రోజుకు సుమారు 860 మిల్లీగ్రాములు అందాయి. అది పాల ద్వారా అందేదానికి ఐదు వేల రెట్లకు పైమాటే. కాబట్టి తల్లి తినడం ఒక్కటే బిడ్డకు సహనం నేర్పుతుందని చెప్పలేం.

అలాగని ఆ జాడలకు ప్రభావమే లేదనడానికీ వీల్లేదు. తల్లి ఎలుకల పాల ద్వారా పిల్లలకు చేరిన అలెర్జీ కారకం, పాలలోనే ఉండే టీజీఎఫ్-బీటా అనే పదార్థం తోడుగా, ఉబ్బసం నుంచి రక్షణ ఇచ్చిందని 2008లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు. 2018లో బోస్టన్ పరిశోధకులు ఇంకో సంగతి కనుగొన్నారు. తల్లి ఐజీజీతో జతకట్టిన ఆహార ప్రొటీన్ పాల ద్వారా ఎలుకపిల్లల పేగుల్లోకి చేరి నియంత్రక టీ కణాలను పెంచింది. మనుషుల పాలలోనూ ఇటువంటి జంటలు ఉంటాయి. ఎలుకల్లో జరిగినది మనుషుల్లో అంతే బలంగా జరుగుతుందని చెప్పలేకపోయినా, తల్లిపాలలోని ఆహారపు జాడను విషంగా చూడవలసిన పని లేదని ఈ పరిశోధనలు తెలిపాయి.

తల్లి తింటే మేలు జరుగుతుందా

మానడం వల్ల లాభం లేదని తేలాక, తినడం వల్ల లాభముందా అన్న ప్రశ్న వచ్చింది. మసాచుసెట్స్‌లో తల్లీబిడ్డలను ఏళ్ళ తరబడి గమనించిన ప్రాజెక్ట్ వివా ఫలితాలు 2014లో వచ్చాయి. మొదటి మూడు నెలల గర్భంలో వేరుశనగ ఎక్కువగా తిన్న తల్లుల పిల్లల్లో వేరుశనగ అలెర్జీ ప్రతిచర్యలు తక్కువగా కనిపించాయి. అదే ఏడు వెలువడిన మరో అమెరికన్ అధ్యయనంలో, వారానికి ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వేరుశనగ, గింజపప్పులు తిన్న తల్లుల పిల్లలకు ఆ అలెర్జీ చాలా తక్కువగా వచ్చింది. అయితే ఈ మేలు తమకు అవి పడని సమస్య లేని తల్లుల పిల్లలకే పరిమితం. దీనికి భిన్నంగా, 2010లో వచ్చిన అధ్యయనం ఒకటి అప్పటికే ఎగ్జిమా, పాలు లేదా గుడ్డు అలెర్జీ ఉన్న పసివాళ్ళపై జరిగింది. గర్భంలో తల్లి వేరుశనగ తరచుగా తినడానికీ బిడ్డలోని సున్నితత్వానికీ సంబంధం ఉందని అందులో కనిపించింది.

ఇవి పరిశీలన అధ్యయనాలు. అలెర్జీ భయమున్న కుటుంబాలే ముందుగా వేరుశనగ మానుతాయి, వారి పిల్లలకే అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇటువంటి చిక్కుముడులను పరిశీలన మాత్రమే విప్పలేదు. కెనడాలో జరిగిన ఒక అధ్యయనం 2018లో ఇచ్చిన సూచన ఇక్కడ ఉపయోగపడుతుంది. తల్లి పాలిచ్చే రోజుల్లో వేరుశనగ తిని, బిడ్డకూ ఏడాది లోపే రుచి చూపించిన కుటుంబాల్లో సున్నితత్వం అన్నిటికన్నా తక్కువగా ఉంది. తల్లి మానకపోవడం, బిడ్డకు పెట్టడంలో ఆలస్యం చేయకపోవడం అనే రెండూ కలిసి పనిచేస్తున్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు.

చేపనూనె, విటమిన్ డి, ప్రోబయోటిక్స్

*చేపనూనె.* డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో 736 మంది గర్భిణులతో జరిగిన ప్రయోగం 2016లో వెలువడింది. 24వ వారం నుంచి కాన్పు అయిన వారం దాకా రోజూ 2.4 గ్రాముల ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఇచ్చారు. వారి పిల్లల్లో పిల్లికూతలు, ఉబ్బసం 16.9 శాతం మందిలో కనిపించగా, ఆలివ్ నూనె తీసుకున్నవారి పిల్లల్లో 23.7 శాతం మందిలో కనిపించాయి. రక్తంలో ఈ ఆమ్లాలు అప్పటికే తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. ఆస్ట్రేలియాలో 706 మందితో జరిగిన ప్రయోగంలో మోతాదు రోజుకు 900 మిల్లీగ్రాములు. మొత్తం మీద అలెర్జీ తగ్గలేదు, గుడ్డుపై సున్నితత్వం మాత్రం తగ్గింది. మన కోస్తాలో దొరికే కవళ్ళు, కానగంతలు ఈ కొవ్వులకు మంచి ఆధారం. శాకాహారులకు అవిసె గింజల ద్వారా అందే ఒమేగా-3లో కొద్ది భాగమే శరీరంలో ఈ రూపానికి మారుతుంది.

*విటమిన్ డి.* అమెరికాలో గర్భిణులకు రోజుకు 4,400 యూనిట్లు ఇచ్చి, 400 యూనిట్లు మాత్రమే తీసుకున్నవారితో పోల్చారు. మూడేళ్ళ వయసులో ఉబ్బసం, పదేపదే పిల్లికూతలు 24.3 శాతం, 30.4 శాతంగా తేలాయి. ఆ తేడా గణాంకపరంగా గట్టిది కాదు. ఆరేళ్ళకు అదీ మిగల్లేదు. ఎముకల కోసం, సాధారణ ఆరోగ్యం కోసం డాక్టరు రాసిన విటమిన్ డి తప్పక వేసుకోవాలి. అలెర్జీ నివారణకని దాన్ని పెద్ద మోతాదులో తీసుకోనవసరం లేదు.

*ప్రోబయోటిక్స్.* ఫిన్లాండ్‌లోని టుర్కులో జరిగి 2001లో వెలువడిన చిన్న ప్రయోగంలో కాన్పుకు ముందు తల్లికి, తరువాత ఆరు నెలలు తల్లికో బిడ్డకో లాక్టోబాసిలస్ ఇచ్చారు. రెండేళ్ళకు ఎగ్జిమా 46 శాతం నుంచి 23 శాతానికి తగ్గింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 400కు పైగా అధ్యయనాలను కలిపి 2018లో చేసిన సమీక్షలో ప్రోబయోటిక్స్ వల్ల ఎగ్జిమా సుమారు 22 శాతం తగ్గినట్టు, చేపనూనె వల్ల గుడ్డుపై సున్నితత్వం సుమారు 31 శాతం తగ్గినట్టు తేలింది. ప్రపంచ అలెర్జీ సంస్థ ముప్పు ఎక్కువగా ఉన్న కుటుంబాలకు ప్రోబయోటిక్స్‌ను షరతులతో సూచించింది. యూరప్ అకాడమీ మాత్రం విటమిన్లు, చేపనూనె, ప్రోబయోటిక్స్ దేనినీ నివారణకై తీసుకోమనీ, వద్దనీ చెప్పలేదు.

తల్లిపాల పాత్ర

బెలారస్‌లో 17,046 మంది తల్లీబిడ్డలతో జరిగిన ప్రోబిట్ ప్రయోగం ఈ విషయంలో అన్నిటికన్నా పెద్దది. కొన్ని ఆసుపత్రుల్లో తల్లిపాలను గట్టిగా ప్రోత్సహించారు, కొన్నిటిలో మామూలు పద్ధతి కొనసాగింది. ప్రోత్సాహం ఉన్నచోట మొదటి ఏడాదిలో ఎగ్జిమా 3.3 శాతం, లేనిచోట 6.3 శాతం. ఆరున్నరేళ్ళ వయసుకు అలెర్జీ, ఉబ్బసాల్లో రక్షణ కనిపించలేదు. అంటే తల్లిపాలు అలెర్జీకి అడ్డుకట్ట అని గట్టిగా చెప్పలేం. విరేచనాలు, న్యుమోనియా, పోషణలోపం నుంచి అవి బిడ్డను కాపాడతాయన్నది మాత్రం తిరుగులేని సత్యం. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాకు అదే చాలు.

పుట్టిన తొలి రోజుల్లో అనవసరంగా ఆవుపాల పొడి పట్టకూడదన్నది కొత్తగా బలపడిన సూత్రం. 2019లో వెలువడిన జపాన్ ప్రయోగంలో మొదటి మూడు రోజులు ఆవుపాల ఫార్ములా ఇవ్వని పిల్లల్లో పాలపై సున్నితత్వం దాదాపు సగానికి తగ్గింది. పాలు పడేదాకా అంటూ కాన్పయిన రోజే డబ్బాపాలు పట్టే అలవాటును మానుకోవడానికి ఇది మరో కారణం. ముర్రుపాలు ఆ రోజులకు సరిపోతాయి. ప్రత్యేక కారణం ఉంటే డాక్టరు చెబుతారు.

బిడ్డ తొలి ఆహారం

నివారణ కథలో గట్టి మలుపు తల్లి పళ్ళెం నుంచి బిడ్డ పళ్ళేనికి చూపు మళ్ళడంతో వచ్చింది. లండన్ వైద్యుడు గిడియన్ లాక్, సహచరులు 2008లో బ్రిటన్‌లోని యూదు పిల్లలను, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలను పోల్చారు. వంశం దాదాపు ఒకటే. వేరుశనగ అలెర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. ఇజ్రాయెల్ పిల్లలు నోట్లో కరిగిపోయే బాంబా అనే వేరుశనగ చిరుతిండిని ఏడాది నిండకముందే తింటారు. బ్రిటన్ తల్లులు అప్పటి సలహా ప్రకారం పిల్లలకు పెట్టలేదు.

తొలి ఏడాదిలో తినడమే రక్షణ ఇస్తోందేమోనన్న అనుమానాన్ని లీప్ ప్రయోగం తేల్చింది. తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలెర్జీ లేదా రెండూ ఉన్న 640 మంది పసివాళ్ళను 4 నుంచి 11 నెలల వయసులో చేర్చుకుని, సగం మందికి వారానికి 6 గ్రాముల వేరుశనగ ప్రొటీన్ పెట్టారు, సగం మందికి పూర్తిగా మాన్పించారు. ఐదేళ్ళకు, మొదట చర్మపరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో మానినవారికి అలెర్జీ 13.7 శాతం, తిన్నవారికి 1.9 శాతం. అప్పటికే కొద్దిగా సున్నితత్వం ఉన్న పిల్లల్లోనూ అది 35.3 శాతం నుంచి 10.6కు తగ్గింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గుడ్డు విషయంలో జపాన్‌లోని పెటిట్ ప్రయోగం అదే దారి చూపింది. ఎగ్జిమాకు శ్రద్ధగా వైద్యం చేస్తూ ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడిని చిటికెడు చిటికెడు పెట్టిన పిల్లల్లో ఏడాదికి గుడ్డు అలెర్జీ 8 శాతం, పెట్టనివారిలో 38 శాతం.

ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా శరీరానికి తగిలిన ఆహారం అలెర్జీకి దారి తీస్తుందనీ, అదే ఆహారం నోటి ద్వారా వెళితే సహనం పెరుగుతుందనీ లాక్ ప్రతిపాదించాడు. బ్రిటన్‌లో దాదాపు 14 వేల మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2003లో దీనికి ఆధారమిచ్చింది. అందులో వేరుశనగ అలెర్జీకి గర్భంలో తల్లి తిన్న వేరుశనగతో సంబంధం కనిపించలేదు. వేరుశనగ నూనె కలిపిన లేపనాలను దద్దుర్లున్న చర్మానికి రాయడంతో కనిపించింది. పసిబిడ్డకు నూనె రాసి కాళ్ళమీద వేసుకుని నలుగుపెట్టే ఇళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చర్మం ఎర్రబడి, పొరలుగా ఊడుతుంటే వంటనూనెలు, శనగపిండి నలుగు ఆపి, ముందు ఎగ్జిమాకు వైద్యం చేయించాలి.

భారతదేశంలో, తెలుగు నాట

యూరప్ పరిశోధకులతో కలిసి కర్ణాటకలో జరిపిన యూరోప్రివాల్ అధ్యయనంలో బడి పిల్లల్లో ఆహారాలపై సున్నితత్వం సుమారు 19 శాతం మందిలో కనిపించినా, నిజమైన ఆహార అలెర్జీ ఉన్నవారు 0.14 శాతమే. రక్తపరీక్ష చూసి ఆహారాలు మాన్పించడం ఎంత పొరపాటో చెప్పడానికి ఈ తేడా చాలు. వేరుశనగను చట్నీగా, పొడిగా, నూనెగా రోజూ వాడే అనంతపురం వంటి జిల్లాల తల్లులకు, వేరుశనగ అలెర్జీ విస్తరించిన పాశ్చాత్య దేశాల కోసం రాసిన పాత భయాలు అసలే వర్తించవు. అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మాత్రం అక్కడి శిశువైద్యుల సలహాను అనుసరించడం మేలు.

తెలుగు ఇళ్ళలో తల్లి ఆహారాన్ని కుదించేది అలెర్జీ భయం కంటే ఎక్కువగా పథ్యం. చాలాచోట్ల కాన్పయిన తొలి రోజుల్లో బాలింతకు వెల్లుల్లి కారమో శొంఠిపొడో కలిపిన అన్నం, నెయ్యి పెడతారు. తరువాత బీరకాయ, పొట్లకాయ వస్తాయి. పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని, వంకాయ, గోంగూర దురద పుట్టిస్తాయని, గుమ్మడికాయ వాతమని, పప్పులు పసివాడికి కడుపుబ్బరమని ఒక్కొక్కటే పక్కన పెడతారు. నెల తిరిగేసరికి ఆమె పళ్ళెంలో అన్నమే మిగులుతుంది, ప్రొటీన్, కాల్షియం ఇచ్చేవి తొలగిపోతాయి. నెయ్యి, వెల్లుల్లి, మునగాకు, మెంతులు, నువ్వుల వంటి పెట్టే పదార్థాల్లో మంచివే ఎక్కువ. వచ్చిన చిక్కు తీసేసిన వాటితోనే. తల్లి పెరుగు తినడం వల్ల బిడ్డకు జలుబు రాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది.

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తొలి ఆరు నెలల్లో తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు, సుమారు 17 గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలి. కాల్షియం రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. గర్భిణికి 350 కేలరీలు, చివరి మూడు నెలల్లో 22 గ్రాముల ప్రొటీన్ అదనం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పూట భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంగన్‌వాడీల ద్వారా ఇటువంటి పథకాలు నడిచాయి. ఆ గుడ్డును, పాలను ఇంట్లో ఎవరో వద్దన్నారని తల్లి వదిలేస్తే నష్టపోయేది తల్లీ బిడ్డా ఇద్దరూ.

అన్నప్రాశన ఆరో నెలలో చేసే ఆచారం లీప్ ప్రయోగం చూపిన వయసులోనే పడుతుంది. ఆ రోజు పరమాన్నంతో పాలు, నెయ్యి పరిచయమవుతాయి. తరువాతి వారాల్లో ఉగ్గులో మెత్తగా నూరిన పల్లీ పొడి, బాగా ఉడికిన గుడ్డు, పెసర, కంది, పెరుగు, చేప ఒక్కొక్కటిగా కలపవచ్చు. వేరుశనగ గింజలు గింజలుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి ఐదేళ్ళ దాకా పొడిగానో ముద్దగానో పెట్టాలి. పచ్చి గుడ్డు, సగం ఉడికిన గుడ్డు పనికిరావు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, ఏదైనా ఆహారం అప్పటికే పడకపోయినా డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

నిజంగా మానవలసిన సందర్భాలు

తల్లికే ఒక ఆహారం పడకపోతే ఆమె అది తినకూడదు. రొమ్ము పాలు తాగే బిడ్డ మలంలో రక్తపు చారలు కనిపించడం, లేక తల్లి ఒక ఆహారం తిన్న ప్రతిసారీ బిడ్డకు స్పష్టమైన ప్రతిచర్య రావడం వంటివి ఉంటే డాక్టరు ఆ ఆహారాన్ని, సాధారణంగా ఆవుపాలను, తల్లి ఆహారం నుంచి రెండు నుంచి నాలుగు వారాలు తీయించి చూస్తారు. తగ్గితే, మళ్ళీ తినిపించి లక్షణాలు తిరిగి వస్తున్నాయో లేదో పరీక్షించాకే నిర్ధారణకు వస్తారు. ఇది చికిత్స, నివారణ కాదు. ఆ సమయంలో తల్లికి కాల్షియం మరో మార్గంలో అందించాలి, పాలివ్వడం ఆపకూడదు. తరచుగా ఏడ్వడం, గ్యాసు, మామూలు విరేచనాలు అలెర్జీకి గుర్తులు కావు.

కాచని పాలు, పచ్చి గుడ్డు, మద్యం, పాదరసం ఎక్కువగా ఉండే సొరచేప వంటి పెద్ద చేపలు గర్భిణి మానాలి. వీటికి కారణం అంటురోగాలు, విషప్రభావం. అలెర్జీ నివారణతో వీటికి సంబంధం లేదు. ఇంట్లో ఎవరి పొగతాగే అలవాటైనా బిడ్డకు పిల్లికూతలు, ఉబ్బసం ముప్పు పెంచుతుంది. తల్లి ఆహారంలో ఆంక్షలు పెట్టే కుటుంబం ముందుగా ఆపవలసింది ఆ పొగనే.

నాలుగు దశాబ్దాల పరిశోధనల సారం సులువుగానే చెప్పవచ్చు. గర్భిణి, బాలింత ఇంట్లో అందరూ తినేదంతా, వీలైనన్ని రకాలుగా, కొంచెం ఎక్కువగానే తినాలి: పాలు, పెరుగు, గుడ్డు, పప్పులు, వేరుశనగ, చేపలు తినే ఇళ్ళలో చేపలు, ఆకుకూరలు, పండ్లు. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు, ఆపై ఆలస్యం లేకుండా ఇంటి తిండి మెత్తగా అందాలి. చర్మం పగిలితే త్వరగా వైద్యం చేయించాలి. బిడ్డ అలెర్జీకి తల్లి తిన్నదే కారణమని ఆమెను నిందించడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. ఆమెకు కడుపునిండా తిండి పెట్టమనడానికి మాత్రం కావలసినంత ఆధారం ఉంది.